ఆముదపు దీపం నుంచి ఎల్‌.ఇ.డి. దాకా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఇంటి వెలుగు వెల – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో సామాన్య కుటుంబం రాత్రి వెలుగును ఎలా ఎంచుకున్నది, దానికి ఏ రూపంలో వెల చెల్లించింది అనే అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆముదం, గాసునూనె, విద్యుత్ బల్బు, ఎల్‌.ఇ.డి. అనే నాలుగు దశలను వరుసగా చర్చిస్తుంది. దీపం ఎంపికను ధర ఒక్కటే నిర్ణయించలేదని, చెల్లింపు తీరు అంతకంటే బలంగా నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది. ఇల్లే కార్ఖానాగా బ్రతికిన గద్వాల చేనేత కుటుంబాన్ని ఈ పరిశీలనకు ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలకపదాలు: పాలమూరు, నడిగడ్డ, ఆముదం, గాసునూనె, గద్వాల చేనేత, శ్రీశైలం, జూరాల, ఎల్‌.ఇ.డి.

1. ఉపోద్ఘాతం

రాజుల వంశావళులకు, యుద్ధాలకు పరిమితమైన చరిత్ర రచనను జనజీవనం వైపు మళ్లించిన తెలుగు గ్రంథాలలో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ముఖ్యమైనది. దాని కర్త సురవరం ప్రతాపరెడ్డి నడిగడ్డ బిడ్డ. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు. తిండి, బట్ట, ఆట, నగ, ఆచారం మొదలైనవన్నీ చరిత్రకు ఆధారాలేనని ఆ గ్రంథం నిరూపించింది. 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ దృష్టితో చూస్తే, ప్రతి ఇంట్లో ప్రతి సాయంత్రం వెలిగే దీపం కూడా చరిత్ర చెప్పగల వస్తువే.

గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలో సంస్థానాలు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపూర్ జటప్రోలు సంస్థానానికి రాజధాని. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. సంస్థానాల విలీనం తరువాత ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలో కొనసాగి, 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలయ్యాయి. విద్వత్సభల వల్ల 'విద్వద్గద్వాల'గా కీర్తి పొందిన ఈ సీమలో, కోటలోని దివిటీలకు, పేదవాని గుడిసెలోని ప్రమిదకు మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి ప్రారంభ బిందువు.

ఈ ప్రాంతానికి ఒక విశేషం ఉన్నది. వెలుగుకు మూలమైన వస్తువు ఇక్కడ ఎప్పుడూ పుష్కలంగా దొరికింది. ఒకప్పుడు అది చెలకలో పండిన ఆముదం, తరువాత కృష్ణలో పారిన నీరు. అయినా చవకైన మంచి వెలుగు ఇక్కడి ఇళ్లకు ఆలస్యంగానే చేరింది. ఈ వైరుధ్యానికి కారణాలను అన్వేషించడమే ఈ వ్యాసం లక్ష్యం.

2. ఆముదం: చేనులో పండిన వెలుగు

పాలమూరు ఎర్రచెలకలు, తక్కువ వానలు ఆముదపు పంటకు అనుకూలమైనవి. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యం ఆముదపు గింజలు పండించే ముఖ్య ప్రాంతాలలో ఒకటి. తరువాతి కాలంలోనూ మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఈ పంటకు ప్రసిద్ధి. నాగర్‌కర్నూలు సమీపంలోని పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి క్రాంతి, హరిత, కిరణ్ వంటి ఆముదం వంగడాలు వెలువడటం ఆ ప్రసిద్ధికి నిదర్శనం.

నాగర్‌కర్నూలుకు 'కందనూలు' అనే పేరు కూడా ఉన్నది. బండి ఇరుసులకు రాసే కందెన ఇక్కడ దొరికేదని, దాని వల్లనే ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ఇది జనశ్రుతి మాత్రమే. కానీ ఇరుసుకు, తలకు, కడుపుకు, దీపానికి ఒకే నూనె ఉపయోగపడిన కాలపు జ్ఞాపకం అందులో నిలిచి ఉన్నది.

దీపానికి కావలసిన నూనెను ఇంట్లోనే తీసుకునేవారు. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చి కాచేవారు. దీనినే వంటాముదం అంటారు. ఎక్కువ మొత్తం కావాలంటే గానుగకు పోయేవారు. పిండి పొలానికి ఎరువయ్యేది, ఎండిన కట్టె పొయ్యిలోకి చేరేది. అంటే దీపానికి వేరే నగదు ఖర్చు లేదు. చేనిగట్టున నాలుగు చెట్లున్న కుటుంబం తన వెలుగును తానే పండించుకున్నది. దానికి చెల్లించిన వెల శ్రమ రూపంలో ఉన్నది. ఆ శ్రమలో అధికభాగం స్త్రీలది.

ఆముదం చిక్కని నూనె. అది వత్తి గుండా మెల్లగా పైకి పాకుతుంది కనుక లోతు తక్కువగా ఉండే తెరిచిన ప్రమిద, లావుపాటి పత్తి వత్తి అవసరం. ఆముదం నెమ్మదిగా కాలుతుంది, పొగ తక్కువ. అది అంటుకోవడానికి చాలా ఎక్కువ వేడి కావాలి. అందువల్ల ప్రమిద ఒలికినా మంట వ్యాపించే ప్రమాదం స్వల్పం. పత్తి, పట్టు, కప్పు గడ్డి ఉన్న ఇంటికి ఇది చిన్న మేలు కాదు. అయితే ప్రమిద వెలుగు మనిషి ముఖం గుర్తుపట్టడానికి, అన్నం వడ్డించడానికి మాత్రమే సరిపోతుంది. రాత ఆ వెలుగులో కష్టం, సన్నని నేత మరీ కష్టం.

3. గాసునూనె: చిల్లరగా కొన్న వెలుగు

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో నూనె బావి తవ్వకం విజయవంతమైన తరువాత కిరోసిన్ ప్రపంచ వాణిజ్య వస్తువయింది. 1886లో ఏర్పడిన బర్మా ఆయిల్ సంస్థ, ఆ తరువాత 1928లో రూపొందిన బర్మా షెల్ భారతదేశపు పల్లెల దాకా ఈ నూనెను చేర్చాయి. కోస్తాలో కిరసనాయిలుగా పిలువబడిన ఈ నూనె తెలంగాణలో గాసునూనె అయింది. నిజాం రైల్వే మీటర్‌గేజి మార్గం మహబూబ్‌నగర్ దాటి, వనపర్తి రోడ్, గద్వాల మీదుగా కర్నూలు చేరడం వల్ల నడిగడ్డకు బయటి సరుకు రావడం సులభమయింది. వనపర్తి పట్టణానికి స్టేషను దూరం. నాగర్‌కర్నూలు, కొల్లాపూర్ పట్టణాలకు రైలే లేదు. అక్కడికి నూనె డబ్బా బండి మీద చేరవలసిందే. దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు నూనె వెలలో కలిసింది.

రైలు నూనెను తెచ్చినట్లే ఆముదపు గింజలను పట్టుకుపోయింది. ఆముదం అప్పటికే ప్రపంచ మార్కెట్ సరుకు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాల ఇంజన్లకు కందెనగా దానికి గిరాకీ పెరిగింది. గింజకు నగదు వచ్చే అవకాశం ఏర్పడిన తరువాత దానిని దంచి దీపంలో పోసుకోవడం రైతుకు నష్టంగా కనిపించడం సహజం. ఇంట్లో ఊరికే లభించినట్లు తోచిన నూనెకు సంతలో ఒక ధర నిలబడింది. ఈ విధంగా గాసునూనె ఆముదాన్ని గెలిచిందనడం కంటే, ఆముదం ఇంటిని వదిలి సంతకు పోయిందనడం సమంజసం.

గాసునూనె పలుచన. అది వత్తిలో చురుకుగా పాకుతుంది, సులభంగా ఆవిరవుతుంది. తెరిచిన ప్రమిదలో పోస్తే ప్రమాదం కనుక మూత ఉన్న పాత్ర కావలసివచ్చింది. ఖాళీ మందుసీసా మూతకు బెజ్జం వేసి, రేకు గొట్టంలో గుడ్డ వత్తి దూర్చితే బుడ్డి తయారయింది. కొంత స్తోమత ఉన్న ఇంట్లో గాజు చిమ్నీ గల కందిలి వెలిగింది. ప్రతి సాయంత్రం దాని గాజుకు పట్టిన మసిని బూడిదతో తుడవడం పిల్లల పని. పెండ్లికి, భాగవతానికి, జాతరకు పెట్రోమాక్స్ అద్దెకు తెచ్చేవారు. ఒకే ఊరిలో ఒకే నూనెతో వెలిగే ఈ మూడు దీపాలు మూడు ఆర్థిక స్థాయిలకు గుర్తులు.

కాంతి పరిమాణాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు. చిన్న బుడ్డి ఇచ్చేది సుమారు పది ల్యూమెన్లు. కందిలి దానికి కొన్ని రెట్లు ఎక్కువ ఇస్తుంది. కాలిన నూనెను, లభించిన కాంతిని పోల్చితే బుడ్డి కంటే కందిలి లాభసాటి. అయినా పేద ఇంట్లో బుడ్డియే వెలిగింది. కందిలికి ముందుగా కొంత మొత్తం పెట్టాలి, గాజు పగిలితే మళ్లీ కొనాలి. బుడ్డికి ఆ పూట కూలి డబ్బులతో ఒక చిన్న సీసాడు నూనె చాలు. వెలుగుకు ఎక్కువ ధర చెల్లించినవాడు పేదవాడే, కానీ అతడు చెల్లించగలిగిన తీరు అదొక్కటే. దీపపు ఆర్థికచరిత్రలో ఇది ముఖ్యమైన సూత్రం.

4. మగ్గం ముందు దీపం

వెలుగు నాణ్యత కూటి సమస్య అయిన చోటు చేనేత ఇల్లు. గద్వాల చీరకు నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు ప్రత్యేకత. ఒడలిని, అంచులను వేర్వేరు పేకలతో నేస్తూ, ప్రతి పోటుకు ఆ పేకలను ఒకదానిలో ఒకటి మెలివేసి కలిపే కుప్పడం పద్ధతి దీనికి ప్రాణం. ఇందుకు మూడు నాడెలు కావాలి. చాలా సందర్భాలలో మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒక్క మెలిక తప్పినా అంచు దగ్గర సందు కనిపిస్తుంది. గద్వాల, రాజోలి, అయిజ, వనపర్తి జిల్లాలోని అమరచింత వంటి చోట్ల ఈ నేత ఇంటింటి వృత్తి.

గుంతమగ్గం ఇంటి లోపల నేలలో ఉంటుంది. నేతగాని కాళ్లు గుంతలో, చూపు పడుగు మీద. ఎండ, గాలి సూటిగా తగిలితే నూలు ఆరి తెగుతుంది కనుక పెద్ద కిటికీలు పెట్టడం కుదరదు. అందువల్ల మగ్గమున్న గది పగలు కూడా మసకగానే ఉంటుంది. పండుగలు, పెండ్లిళ్లు దగ్గరపడితే చీర గడువులోగా దిగడానికి రాత్రి పని తప్పదు. కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికే పని కంటికి మరింత పరీక్ష.

గాసునూనె మంట పసుపు ఎరుపు వైపు మొగ్గుతుంది. ఆ వెలుగులో లేత పసుపు తెలుపుగా, ముదురు నీలం నలుపుగా తోస్తుంది. అంచు రంగులను పోల్చి నాడెలు మార్చవలసిన పనికి ఇది పెద్ద అడ్డంకి. పైగా దీపపు మసి తెల్లని నూలుకు మచ్చ, మంట పట్టుకు ముప్పు. రంగు ఎంపిక, అతుకు పని పగటికి ఉంచుకుని, సాదా ఒడలి నేత మాత్రమే దీపం దగ్గర చేయడం మేలు. ఈ లెక్కన దీపం బలహీనత నేతగాని పనిగంటలను, తద్వారా కూలిని తగ్గించింది. అది ఏ ఖాతాలోనూ నమోదు కాని వెల.

5. విద్యుత్తు: ఏటి నీటి వెలుగు

హైదరాబాదు నగరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం 1920లో ప్రారంభమయింది. జిల్లా పల్లెలకు తీగ చేరడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1959 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1969లో ఏర్పాటైన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ రుణాలతో పల్లెలకు స్తంభాలు నాటడం వేగం పుంజుకున్నది. అయితే ఆనాటి ప్రణాళికలలో పంపుసెట్టుకే ప్రాధాన్యం. తీగ ముందు బావి దగ్గరికి పోయింది, ఇంటికి తరువాత వచ్చింది.

ఈ ప్రాంతపు విద్యుత్ చరిత్రలో శ్రీశైలం అధ్యాయం విస్మరించరానిది. 1963 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కుడిగట్టు కేంద్రంలో ఉత్పత్తి 1982లో మొదలయింది. దాని సామర్థ్యం 770 మెగావాట్లు. జలాశయం నిండడానికి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ కావలసివచ్చింది. కొల్లాపూర్, వనపర్తి, ఆలంపురం ప్రాంతాల కృష్ణాతీర గ్రామాలు అందులో ఉన్నాయి. 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. సంగమేశ్వర ఆలయాన్ని ఆలంపురానికి, సోమశిల ఆలయాలను ఎగువ నేలకు రాయిరాయిగా విప్పి తరలించారు. దేవునికి కొత్త గుడి దొరికినంత త్వరగా మనిషికి బ్రతుకుతెరువు దొరకలేదు. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 1986 నాటి 98వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు అమలు కోసం జరిగిన పోరాటం దశాబ్దాల పాటు సాగింది.

ఎడమగట్టు భూగర్భ కేంద్రం నాగర్‌కర్నూలు జిల్లా ఈగలపెంట వద్ద ఉన్నది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిదిమంది మరణించారు. మీట నొక్కగానే వెలిగే దీపం వెనుక ఉన్న మానవ మూల్యాన్ని ఆ రాత్రి గుర్తుచేసింది. ఆ కేంద్రం చుట్టూ ఉన్నది నల్లమల, చెంచుల నివాసం. అడవిలోపలి పెంటలకు తీగ లాగడానికి అటవీ నిబంధనలు అడ్డు కాగా, పొయ్యి మంటే చాలాకాలం అక్కడ రాత్రి వెలుగయింది. దీపం కింద చీకటి అన్న నానుడికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

గద్వాల సమీపంలోని జూరాల వద్ద కూడా కృష్ణ విద్యుత్తు ఇచ్చింది. ఎగువ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు, దిగువ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు. ఇవికాక దేశమంతటా ఆనకట్టల పనులకు వలసపోయిన పాలమూరు కూలీలను లెక్కలోకి తీసుకోవాలి. పరాయి ఊళ్లకు వెలుగు తెచ్చిన కట్టడాలను నిర్మించి, వారు తిరిగివచ్చింది బుడ్డి వెలుగులోకే.

ఇంటికి కనెక్షన్ తీసుకోవాలంటే ధరావతు, తీగలు, మీటరు, మీటలు కావాలి. నెలకు వచ్చే బిల్లు గాసునూనె ఖర్చు కంటే తక్కువైనా, మొదట పెట్టవలసిన మొత్తం కూలి కుటుంబానికి భారమయింది. 1980ల చివర కేంద్రప్రభుత్వం ప్రారంభించిన కుటీరజ్యోతి పథకం ఒకే దీపంతో పేద ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చింది. ఆ అడ్డంకిని గుర్తించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. 2005లో వచ్చిన రాజీవ్‌గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన దానిని విస్తరించింది.

బల్బు, ట్యూబులైటుల నడుమ ఎంపికలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇస్తుంది. ట్యూబులైటు అంతకంటే తక్కువ కరెంటుతో ఎక్కువ కాంతి ఇస్తుంది. కానీ దానికి పట్టీ, చోకు, స్టార్టరు కొనాలి. సాయంత్రం పంపుసెట్లు నడిచే వేళ ఓల్టేజీ పడిపోతే ట్యూబు మిణుకుమిణుకుమని ఆగిపోతుంది. బల్బు ఎర్రగా మందగించినా వెలుగుతూనే ఉంటుంది. పల్లెలో బల్బు నిలిచిన కారణం అజ్ఞానం కాదు, అక్కడి కరెంటు తీరు. నేతగానికి మరో లాభం కూడా ఉన్నది. బల్బు వెలుగు పసుపు ఛాయదే అయినా వర్ణపటంలోని అన్ని రంగులూ అందులో ఉంటాయి. నూనె దీపంతో పోలిస్తే కాంతి ఎన్నో రెట్లు ఎక్కువ. మగ్గం మీద వేలాడదీసిన ఒక్క బల్బు రాత్రిపనికి కొత్త అవకాశం ఇచ్చింది.

6. ఎల్‌.ఇ.డి.: చవకదనం, నాణ్యత

నీలికాంతి ఎల్‌.ఇ.డి.ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. ఆ నీలికాంతికి పసుపు ఛాయనిచ్చే పొర చేర్చడం వల్లనే తెల్లని ఎల్‌.ఇ.డి. దీపం సాధ్యమయింది. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం కింద ప్రభుత్వం పెద్దమొత్తంలో బల్బులు సేకరించింది. 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడమే ఈ తగ్గుదలకు ముఖ్య కారణం.

రోజుకు ఐదు గంటల చొప్పున నెల పాటు వెలిగితే 60 వాట్ల బల్బు 9 యూనిట్లు వాడుతుంది. దానితో సమానమైన, లేదా కొంత ఎక్కువ కాంతినిచ్చే 9 వాట్ల ఎల్‌.ఇ.డి. వాడేది 1.35 యూనిట్లు. చవకైన దీపమే మంచి దీపం కూడా కావడం, దానిని కొనడానికి పేదవానికి పెద్ద మొత్తం అక్కరలేకపోవడం ఈ ప్రాంతపు చరిత్రలో కొత్త పరిణామం. 2024లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన గృహజ్యోతి పథకం నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల ఇళ్లకు బిల్లు లేకుండా చేసింది. నగదు లేని వెలుగు ఆముదపు కాలం తరువాత మళ్లీ ఇంటికి వచ్చింది. అయితే అప్పుడు వెలుగు చేనుది, ఇప్పుడు ప్రభుత్వ నిర్ణయానిది.

చవకదనంతో నాణ్యత ప్రశ్న తీరలేదు. ల్యూమెను అనేది మనిషి కన్ను ప్రకాశాన్ని గ్రహించే తీరును బట్టి ఏర్పడిన కొలత. అది వర్ణసత్యాన్ని చెప్పదు. గాజుతొట్టిలో సముద్రపు పగడాలు పెంచేవారు ల్యూమెన్లను పక్కనపెట్టి, పగడాలలోని నాచుకు అవసరమైన నీలికాంతి ఎంత ఉన్నదో చూసి దీపం కొనడం ఇందుకే. నేతగానిదీ అటువంటి అవసరమే. చవక ఎల్‌.ఇ.డి.లలో లోతైన ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది. అటువంటి దీపం కింద ఒకటిగా కనిపించిన రెండు కుంకుమ ఛాయలు ఎండలో వేరుగా తేలవచ్చు. రంగు తప్పిన చీరను వ్యాపారి తిప్పిపంపితే ఆదా అయిన కరెంటు ఖర్చు కంటే నష్టమే పెద్దది. అందువల్ల మగ్గానికి దీపం ఎంచేటప్పుడు వాట్లతోపాటు డబ్బా మీద ఉండే వర్ణసూచికను కూడా చూడాలి. అది 100కు ఎంత దగ్గరగా ఉంటే రంగు అంత నిజంగా కనిపిస్తుంది. కోట్ల ఇళ్లకు ఒకే బల్బు చేర్చిన పథకంలో ఈ వృత్తి అవసరానికి ప్రత్యేక స్థానం లేకపోయింది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఆముదపు దశలో వెలుగుకు వెల శ్రమ రూపంలో చెల్లింది. గింజకు మార్కెట్ ఏర్పడడంతో ఆ స్వయంసమృద్ధి సడలింది.

• గాసునూనె దశలో పేద కుటుంబం తక్కువ కాంతికి ఎక్కువ వెల చెల్లించింది. చిల్లరగా కొనగలగడమే బుడ్డి నిలవడానికి కారణం.

• విద్యుత్ దశలో నెలవారీ ఖర్చు కంటే మొదటి మొత్తం, ఓల్టేజీ స్థితి ఎంపికను నిర్ణయించాయి. విద్యుత్తు కోసం నేలను, ఊళ్లను, శ్రమను ఇచ్చిన ప్రాంతమే దానిని ఆలస్యంగా పొందింది.

• ఎల్‌.ఇ.డి. దశలో ధర, చెల్లింపు అడ్డంకులు చాలావరకు తొలగాయి. వృత్తికి తగిన కాంతి నాణ్యత మాత్రం ఇంకా చర్చకు రావలసి ఉన్నది.

సామాన్యుని దీపం ఎంపిక వెనుక ఎప్పుడూ ఒక లెక్క ఉన్నది. బయటివారికి వెనుకబాటుగా కనిపించిన బుడ్డి, బల్బు నిజానికి ఆ లెక్కకు వచ్చిన సమాధానాలు. కుప్పడపు అంచులో సందు లేకుండా కలిసిన ప్రతి మెలిక ఏదో ఒక దీపం వెలుగులో వేసినదే. ఆ దీపాన్ని విడిచి రాసిన చేనేత చరిత్ర అసంపూర్ణం.